సొరపాదుకు కాపలా

గేటమ్మ అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ గేటు దగ్గర తనిఖీ ఉద్యోగం చేసి చేసి, ఆ పేరే స్థిరపడిపోయింది. షిఫ్టు దిగి బయటికొచ్చే ప్రతి మనిషీ ఆవిడ ముందు సంచీ తెరవాలి, టిఫిన్ బాక్సు మూత తియ్యాలి, చేతులు చాపాలి. బొత్తాలూ జిప్పులూ లేసు ముక్కలూ ఎక్కడెక్కడ దాగుతాయో దాచినవాళ్ళకంటే ఆవిడకే బాగా తెలుసు. అనుమానించడానికి జీతమిచ్చారు, తీసుకున్న జీతానికి ఆవిడ న్యాయం చేసింది. కాకపోతే ఆ అనుమానాన్ని గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రావడం ఆవిడకి చేతకాలేదు. కూరగాయల బండివాడి తక్కెడ కింద వేలు పెట్టి చూసేది, పాలవాడి క్యాను వంచి చూసేది, మొగుడు తనలో తాను నవ్వుకుంటే ఎందుకు నవ్వావో చెప్పమని కూర్చునేది.

మొగుడు కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఆ ఇంట్లో ఏం మాట్లాడినా వాంగ్మూలం కింద జమవుతుందని పెళ్ళయిన కొత్తలోనే గ్రహించి, మిషన్లతో తప్ప మనుషులతో మాట్లాడటం తగ్గించేశాడు. పై వాటా వీళ్ళది. కింది వాటాలో తోడికోడలు ఉంటుంది. మరిది లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఎక్కువ రోజులు ఆ పిల్ల ఒక్కతే.

ఒకప్పుడు ఈ తోడికోడళ్ళిద్దరూ పాలూ నీళ్ళలా ఉండేవాళ్ళు. చిన్నామె "అక్కా" అంటూ పొద్దస్తమానం మెట్లెక్కి దిగేది. అదే ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పనిలో ఆమెను పెట్టించింది కూడా గేటమ్మే. ముప్పు అక్కడే వచ్చింది. గేటమ్మ తనవాళ్ళ సంచీలు చూడకుండా వదిలేస్తోందని వెనకాల ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు చెవినపడ్డ సాయంత్రమే, వరస వరసంతా చూస్తుండగా, తోడికోడలి టిఫిన్ బాక్సు తెరిపించింది. ఏమీ లేదు. ఆ పిల్ల మూత పెట్టబోతుంటే ఆపి, రెండోసారి తెరిపించింది. చేతులు చాపమంది, కొంగు దులపమంది. అప్పుడూ ఏమీ లేదు. చిన్నామె బాక్సు మూసుకుని తలవంచుకుని ఇంటికొచ్చింది. మర్నాటినుంచి పని మానేసింది, అక్కా అనే పిలుపూ మానేసింది.

అప్పటినుంచి ఏళ్ళు గడిచాయి. ఒకే గుమ్మం, ఒకే మెట్లు, బట్టలారేసుకునే డాబా కూడా ఒక్కటే. మాటలు మాత్రం లేవు. ఏదైనా చెప్పక తప్పకపోతే పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి గాల్లోకి అనడమే. నీళ్ళు పోయిన రోజున "ఈ ఇంట్లో మోటారు వేసే దిక్కు లేదు" అని గేటమ్మ రెయిలింగుతో చెప్పేది, కింద మోటారు మోగేది. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళదే తప్పయినట్టు ఇద్దరూ బిగుసుకుపోయారు. తప్పు ఎవరిదో గేటమ్మకి తెలియక కాదు. తెలిసినా, ఆ నోటికి ఆ మాట అలవాటు లేదు.

రిటైరయ్యాక ఆవిడ చేతులకి తడమడానికి ఏమీ లేకుండా పోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. కింద ఆ పిల్ల గిన్నెలు కడుక్కుంటున్న చప్పుడు వింటూ కూర్చోవడం ఆవిడకి కష్టంగా ఉండేది. అలా కూర్చున్న ఒక పూట ఆలోచన తట్టింది. డాబా మీద నాలుగు కూరగాయలు పండించాలి. మొదటి కాయ కోసి కిందికి పట్టుకెళ్ళాలి. వట్టి చేతులతో వెళ్ళి తప్పయిందనడం తన వల్ల కాదు గానీ, కాయ చేతిలో ఉంటే అదే సగం మాట్లాడుతుంది. తీసుకోవడానికైనా ఆ పిల్ల నోరు విప్పక చస్తుందా అనుకుంది. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

పెయింటు బకెట్లకి అడుగున చిల్లులు పొడిపించి, మట్టి తెప్పించింది. రాళ్ళు కలిపి బరువు పెంచారేమోనని ఆ మట్టిని బస్తా బస్తా జల్లించింది. ధనియాలు నలపకుండా గుండ్రంగా ఉన్నవే చల్లి, మొలవలేదని కొట్టువాడి మీదికి వెళ్ళింది. బెండ విత్తులు పెట్టింది, బంతి విత్తులు చల్లింది. ఇక రోజూ పొద్దున్నే వేలితో మట్టి తవ్వి, ఒక్కొక్క గింజనీ బయటికి తీసి, మొలకొచ్చిందా లేదా అని వెలుతురులో చూసి మళ్ళీ పాతిపెట్టేది. అలా తనిఖీ చేస్తే ఏ గింజ బతుకుతుంది పాపం. ఒక బెండగింజ ధైర్యం చేసి తోక బయటపెడితే, అది వేరో పురుగో తేల్చుకోవాలని పట్టి లాగింది. ఆవిడ చేతికి తట్టుకుని నిలబడింది పుదీనా ఒక్కటే. దాన్ని ఎంత పీకితే అంత వస్తుంది కాబట్టి.

సొరపాదు బతికింది మాత్రం పొరపాటున. ట్యాంకు పక్కన ఉన్న బకెట్లో గింజ పెట్టి మర్చిపోయింది. చూసేసరికి అది పైపు పట్టుకుని పాకి, మొగుడు కట్టిన తాళ్ళ పందిరి మీద పడుకుని ఉంది. తెల్లటి పూలు, పూల వెనక చిటికెన వేలంత పిందెలు. గేటమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. పిందెలు ఒకటి తర్వాత ఒకటి పసుపెక్కి రాలిపోయాయి. గోరు గుర్తులున్నాయేమోనని రాలిన ప్రతి పిందెనీ తిప్పి తిప్పి చూసింది.

ఆ తర్వాత ఒక పొద్దున పందిరి కింద తెల్లటి రేకులు చిందరవందరగా పడి ఉన్నాయి. పొడుగు కాడల పూలు ఎవరో తుంచేశారు. మర్నాడూ అంతే. గాలికి రాలితే పువ్వు పువ్వుగా రాలుతుంది, ఇలా రేకులు చీలిపోవు. ఇది చేతిపని. గేటమ్మ పాత ఉద్యోగంలో చేరిపోయింది. డాబా మీదికి వచ్చేది ముగ్గురే. తను తియ్యలేదు. మొగుడు ముట్టుకుంటే రేకులకి మిషన్ నూనె వాసన రావాలి, వాసన చూసింది, లేదు. ఇక మిగిలింది కిందామె. సాయంత్రం బట్టలు తీసుకోవడానికి పైకొచ్చేది ఆమే. ఆ వేళకి తను కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళ సంచీలు లెక్కగడుతూ ఉంటుంది. అంటే సమయం చూసుకునే వస్తోంది. ఇన్నేళ్ళ కసి ఇలా తీర్చుకుంటోందన్నమాట. ఎవరికిద్దామని పెంచుతోందో ఆ మనిషే పాదుని నాశనం చేస్తోందనుకునేసరికి గేటమ్మకి కోపంతోపాటు ఏడుపు కూడా వచ్చింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు ఎప్పుడైనా గేటు డ్యూటీ చేశాడా ఏమిటి? గేటమ్మ మెట్ల మీద నిలబడి, గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నారని గట్టిగా గోడకి చెప్పింది. కింద బట్టలు ఉతుకుతున్న చిన్నామె సరిగ్గా అప్పుడే జారిన కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈ గొడవలో ఒక విచిత్రం జరిగింది. రేకులు రాలడం మొదలయ్యాక ఒక పిందె నిలిచింది. నిలవడమే కాదు, నున్నగా లావెక్కుతోంది. అది తను పోస్తున్న బియ్యం కడిగిన నీళ్ళ మహిమని గేటమ్మ తేల్చేసింది. ఆ పిందె మీద కూడా దొంగ చెయ్యి పడకముందే పట్టుకోవాలనుకుంది.

ఆ సాయంత్రం కిటికీ వదిలేసి ట్యాంకు వెనక నక్కింది. చిన్నామె వచ్చింది. బట్టలు తీసి మడత పెట్టి గోడ మీద ఉంచింది. పందిరి దగ్గరికెళ్ళి, అప్పుడే విచ్చుకుంటున్న పువ్వొకటి తెంపి, రేకులు ఒలిచేసి, ఆకుల్లోకి చెయ్యి దూర్చింది. గేటమ్మ ట్యాంకు చాటునుంచి బయటికొచ్చింది.

"చెయ్యి తెరువు."

ఇన్నేళ్ళలో ఆ పిల్లతో నేరుగా అన్న మొదటి మాట అది. నోరు దాటాకగానీ అది గేటు దగ్గరి మాటేనని గేటమ్మకి తెలిసిరాలేదు. చిన్నామె చెయ్యి తెరిచింది. రేకులు లేని బోసి పువ్వు, వేళ్ళకి పసుపు పొడి. ఒక్క ముక్క చెబితే సరిపోయేది, చెప్పలేదు. పువ్వు కింద పడేసి, బట్టలు తీసుకుని, తలవంచుకుని మెట్లు దిగింది. ఆ నడక గేటమ్మ ఇదివరకు ఒకసారి చూసింది. అయినా మర్నాడు డాబా తలుపుకి తాళం వేయించింది.

దొంగకి దారి మూసేశాక పాదు విరగకాయాలి కదా. పూలు బోలెడు పూశాయి, ఒక్క రేకు చినగలేదు. పిందెలు మాత్రం వేసినవి వేసినట్టే పసుపెక్కి రాలిపోయాయి. ముందు నిలిచిన ఆ ఒక్కటే ముదురుతోంది. కింద చిన్నామె తడిబట్టలు మెట్ల రెయిలింగు మీద ఆరేసుకుంటోంది. వాటినుంచి కారే నీళ్ళు తొక్కుతూ గేటమ్మ తాళం చెవి పట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఉంది. ఒకరోజు రాలిన పిందెల్ని దోసిట్లో తెచ్చి మొగుడి ముందు పోసింది. ఎవరూ రాకపోతే ఇవెందుకు చస్తున్నాయని అడిగింది.

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఎవరూ రాకపోవడం వల్లే చస్తున్నాయన్నాడు. పొడుగు కాడవి మగపూలు, పిందె ఉన్నవి ఆడపూలు. సొరపువ్వు విచ్చేది సాయంత్రం. ఈ చుట్టుపక్కల దాని మీద వాలే పురుగు లేదు. మగపువ్వు రేకులు ఒలిచి, ఆ పొడి ఆడపువ్వుకి ఎవరో ఒకరు అద్దాలి. ఆ పిల్ల చేసింది అదే. పిందె కళ్ళముందు ఎండిపోతుంటే చూస్తూ బట్టలు తీసుకుపోలేనని, తన కుట్టుమిషన్ బాగుచెయ్యడానికి ఆయన కిందికెళ్ళినప్పుడు ఆ పిల్లే చెప్పింది.

మరి నాకెందుకు చెప్పలేదని గేటమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. తాళం వేసేటప్పుడు నన్నడిగావా అన్నాడాయన. పైగా ఆ పిల్ల చెప్పొద్దంది. "అక్కకి చెప్పకండి బావగారూ, చెబితే పిందెలక్కూడా తాళం వేస్తుంది" అందట.

గేటమ్మ రాలిన పిందెల్ని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ దోసిట్లో వేసుకుంది. చివరికి, "అక్క అనే అందా?" అని అడిగింది.

అక్క అనే అందన్నాడు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని డాబా ఎక్కింది. తలుపు బార్లా తెరిచి, పందిరి మీద మిగిలిన ఆ ఒక్క కాయనీ కోసి సంచీలో పెట్టుకుంది. ఎవరికిద్దామనుకుందో ఆ పిల్ల చేతి చలవే ఆ కాయ. తన కాయని చెప్పి ఇవ్వడానికి కూడా ఇక ముఖం లేదు. మెట్టు మెట్టుకీ ఒక మాట కూడబలుక్కుంటూ దిగింది గానీ, ఆఖరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఎగిరిపోయాయి. గుమ్మంలో తడిబట్టలు భుజాన వేసుకుని చిన్నామె నిలబడి ఉంది. గేటమ్మ ముఖం చూసింది, సంచీ చూసింది, దారికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"సంచీ తెరువక్కా."

గేటమ్మ తెరిచింది. చిన్నామె తొంగిచూసింది. గేటమ్మ మూయబోతుంటే ఆపింది.

"ఉండు. రెండోసారి చూడాలి."

గేటమ్మ రెండోసారి తెరిచింది. అడక్కుండానే సంచీ కింద పెట్టి, రెండు చేతులూ చాపింది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతమంది చేత చాపించిందో, చాపినవాళ్ళకి ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. తప్పయిందే అనబోయి, ఆ మాటకి బదులు గుప్పిళ్ళు విప్పింది. కుడిచేతిలో డాబా తాళం చెవి ఉంది. చిన్నామె దాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇది జప్తు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, తడిబట్టల్లో సగం గేటమ్మ భుజాన వేసింది. "పూలు విచ్చే వేళయింది, పద. ఈసారి ట్యాంకు వెనక కాదు, నా పక్కన నిలబడి చూడు."