మంచం పక్కన నాపరాతి తొట్టి

ఇది ఎప్పుడో రాయాల్సింది. కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. మా పుట్టింట్లో ఆడపిల్లలను బడికి పంపలేదు. పెళ్లయ్యాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. యాభై దాటాక, పక్కింటి టీచరమ్మ వరండాలో పలక పట్టుకున్నాను. చేయి కుదరడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. అందుకే ఆ తొట్టిని ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని చూసుకోవడమే తప్ప ఎవరికీ చూపించలేకపోయాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మాది ఆళ్లగడ్డ. మా ఆయనది రాతిపని. అంతకు ముందు రెండుసార్లు ఏడో నెలలోనే నా కడుపు పోయింది. మూడోసారి నాలుగో నెలలో నంద్యాల డాక్టరమ్మ దగ్గరికి వెళితే, కాన్పయ్యేదాకా మంచం దిగవద్దంది.

ఆమె వరండాలో ఒక గాజు తొట్టి ఉండేది. అడుగున ఇసుక, ఇసుకలో నాటిన మొక్కలు, వాటి మధ్య చేపలు. నా వంతు వచ్చేదాకా దాని ముందే కూర్చున్నాను. గాలి లేకుండానే ఆకులు ఊగుతున్నాయి. లోపలికి పిలిచింది కూడా వినిపించలేదు.

బస్సులో మా ఆయన అడిగాడు. "అంత సేపు చూస్తాంటివి, ఏముండాది దాంట్లో?"

"ఏం లేదు. పండుకొని చూస్తా ఉండొచ్చు గదా అనిపించె."

మరుసటి వారం ఆయన నాలుగు నాపరాళ్లు చెక్కి నా మంచం పక్కన తొట్టి కట్టాడు. అడుగున ఒకటి, మూడు వైపులా మూడు, అతుకులకు సున్నం. నా వైపు మాత్రం రాతిలో గాడి కొట్టి, నంద్యాలలో పటాలు కట్టే అంగడి నుంచి తెచ్చిన మందపాటి అద్దం దించాడు. తడి ఆరగానే నీళ్లు నింపి, వక్కిలేరులో పట్టిన నాలుగు పరిగె చేపలను వదిలాడు.

తెల్లారేసరికి నాలుగూ వెల్లకిలా తేలుతున్నాయి.

"సచ్చినవాటి మొగం చూస్తా పండుకుంటాదా కడుపుతో ఉండేది? పారబొయ్‌రా," అంది మా అత్త.

నేను గోడవైపు తిరిగాను. ఐదో నెల నడుస్తోంది. ఈ కడుపూ నిలవదని ఆ తేలే చేపలే నాకు చెప్పినట్టయింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు అత్తే నీళ్లు తోడెయ్యడానికి చెంబు తీసుకుని వచ్చింది. ముంచబోయి ఆగి, వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది.

"థూ! సున్నం రా ఇది!" అని కొడుకును కేకేసింది. "ఎద్దుల తొట్టి కట్టినా నెల దినాలు నీళ్లు పోసి, తీసి, పోసి, తీసి, అప్పుడు గదరా ఎద్దును తోలుకొచ్చేది! రాళ్లు కొట్టి కొట్టి నీ తలకాయ గూడా రాయైపోయిందా?"

ఆయన తల గోక్కున్నాడు. "చేపలకు గూడానా?"

"చేపలకు నోరుండదా?" అని నా వైపు చూసింది. "మేయ్, ఈ పక్క తిరుగు. ఇది నీ కడుపుకొచ్చిన కీడు గాదు. మీ ఆయన తెలివి."

ఎన్నాళ్లకో నవ్వు వచ్చింది. నవ్వితే కడుపు కదులుతుందని భయపడి, చేత్తో పట్టుకుని నవ్వాను.

ఆ నెలంతా తొట్టి అత్త చేతిలోనే ఉంది. రోజూ పొద్దున వేలు తడిపి రుచి చూసేది, మొహం చిట్లించేది, నీళ్లు మార్చేది. ఒకరోజు చిట్లించలేదు. అప్పుడు ఏటి ఇసుక తేటనీరు వచ్చేదాకా కడిగి పరిచారు. పొడుగాటి రిబ్బనులాంటి ఆకుల మొక్కలు తెచ్చి, వేళ్ల మీద గులకరాళ్లు పెట్టి నాటారు. వాటితో పాటు ఎవరూ పిలవని నత్తలు రెండు వచ్చాయి. ఆకులు నిలదొక్కుకున్నాక చేపలు.

నేను ఏడో నెలలోకి వచ్చింది అప్పుడే.

పొద్దెక్కాక కిటికీలోంచి ఎండ తొట్టిలో పడేది. ఆకుల అంచులకు ముత్యాల్లాంటి బుడగలు పుట్టి, ఒక్కొక్కటే విడిపడి పైకి పోయేవి. గోడ మీద, దుప్పటి మీద, నా కడుపు మీద పచ్చటి వెలుగు కదిలేది. నేను పడుకున్నది మంచం మీదో నీళ్లలోనో తెలిసేది కాదు. చేపలు అద్దం దగ్గరకొచ్చి నోళ్లు తెరిచి మూసేవి. లోపలి బిడ్డ కూడా ఇట్లాగే ఉంటుంది కాబోలు, నీళ్లలో, చప్పుడు లేకుండా అనుకునేదాన్ని. ఒక నత్త అద్దం మీద గుడ్లు పెట్టింది. జిగురులో ఆవగింజంత చుక్కలు. వాటిని చూస్తూ ఉండగానే ఏడో నెల దాటిపోయింది. దాటిందని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అత్త మాత్రం ఆ రోజు తొట్టి అద్దాన్ని తన కొంగుతో తుడిచింది.

తొమ్మిదో నెలలో, మిట్టమధ్యాహ్నం, ఆ తొట్టి పక్కనే నాకు ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది.

ఆ హడావుడిలో తొట్టి సంగతి ఎవరికీ గుర్తులేదు. మరుసటి రోజు పొద్దున చూస్తే నీళ్లు రెండు వేళ్లు తగ్గి, ఒక ఆకు కొన గాలికి ఎండుతోంది. అత్త పెరట్లో ఉంది. బాలింత చన్నీళ్లు ముట్టుకోకూడదు. అయినా ఇన్ని నెలల తర్వాత నా అంతట నేను మంచం దిగాను. గోడ పట్టుకుని బిందె దాకా నడిచి, చెంబు ముంచి, ఇసుక లేవకుండా అరచేతి మీదుగా తొట్టిలో పోశాను.