కొత్తింట్లో పొదిగిన ఎర్రకోడి

మొన్న మా కోడలు అట్టపెట్టెలో అరడజను గుడ్లు తెచ్చి, "అచ్చం నాటువి అత్తా" అంటూ ఫ్రిజ్‌లో పెట్టింది. ఒకటి తీసి పట్టుకుంటే చల్లగా రాయిలా ఉంది. గుడ్డంటే నా చేతికి వెచ్చగా తగలాలి, ఒక పక్క కాస్త రెట్ట అంటుకుని ఉండాలి. ఆ కడిగిన గుడ్డు చూశాక ఇంట్లో కాలు నిలవలేదు. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, బూతులు తీసేస్తానంటోంది. తీసెయ్యనీ.

అప్పట్లో ఫిల్మ్ నగర్ అంటే బండలు, ముళ్ళపొదలు, దూరదూరంగా లేస్తున్న ఇళ్ళు. మా ఆయన, ఇప్పుడు లేడు, కడుతున్న ఇళ్ళకు కాపలా ఉండేవాడు. ఇల్లు లేచేదాకా ఆ స్థలంలోనే మా రేకుల షెడ్డు, మూడు రాళ్ళ పొయ్యి, మా అత్త, పిల్లలు, నా కోళ్ళు. గోడలకు రంగు పడిందంటే మా పని అయిపోయినట్టే, షెడ్డు విప్పుకుని ఇంకో బండ మీదికి పోవాలి. మనుషులం పోతాం గానీ కోడి రాదు. పొద్దు గూకితే పాత చోటికే నడుస్తుంది. అందుకని మా అత్త ఒక్కో కోడినీ చంకలో పెట్టుకుని కొత్త పొయ్యి చుట్టూ తిప్పి, కాళ్ళకు బూడిద రాసి, గంప కింద మూసేది. "ఇగ గిదే నీ ఇల్లు, సమజైందా?" అని చెవిలో చెప్పేది. కోడికి చెవెక్కడుందో ఆమెకే తెలియాలి.

ఒక ఎండాకాలం తెగులొచ్చి కోళ్ళన్నీ మెడలు వాల్చేశాయి. ఒక్క ఎర్రకోడి బతికింది. పక్క స్థలంలోకి మారిన రోజే అదీ కనబడలేదు. పిల్లి ఎత్తుకుపోయిందని దాన్ని తిట్టని తిట్టు లేదు. తీరా నెల దాటాక, పాత స్థలంలో లేచిన కొత్తింట్లో, రేపు గృహప్రవేశమనగా ఊడుస్తుంటే, మెట్ల కింద సిమెంటు సంచుల మీద కనబడింది నా ఎర్రకోడి. బస్తీ పుంజు పుణ్యమా అని కడుపు కింద నిండా గుడ్లు. ముక్కు పెట్టి నా చేతినే పొడిచింది. కదిపితే పొదుగు విడుస్తుంది, ఆ గుడ్లు చల్లారితే నా మంద అంతటితో సరి.

ఆ ఇంటి సారంటే మా ఆయనకు హడల్. "తీసెయ్యవే. సారు చూసిండంటే మన గిన్నెలు రోడ్డు మీదుంటయి."

"పొదుగు మీదున్న తల్లిని లేపుతవారా?" అంది అత్త. "నేను గట్లనే లేస్తే నువ్వేడుందువు?"

నేను మెట్ల కింద గోనెపట్టా అడ్డం కట్టి, లోపల చిప్పలో నూకలు పెట్టాను. అక్కడే చెడింది.

పొద్దున్నే పూలదండ వేసి ఆవును తెచ్చారు. కొత్తింట్లోకి ముందు అడుగు ఆవుది కదా. గడప దాటిందో లేదో, దానికి నూకల వాసన తగిలింది. పంతులు మంత్రం చదువుతుంటే ఆవు పక్కకు తిరిగి, పట్టా లాగి, మూతి లోపల పెట్టింది. ఎర్రకోడి రెక్కలు విప్పి దాని ముక్కు మీదికి ఎగిరింది. ఆవు వెనక్కి వెనక్కి నడిచి వీధిలో పడింది, తాడు పట్టుకున్న ఇంటాయన పట్టుపంచెతో సహా.

"ఏంటిదంతా? ఆవు కంటే ముందు కోడి కాపురం పెట్టిందా నా ఇంట్లో? తీసి పారెయ్యండి!"

నేను మెట్లకు అడ్డం నిలబడ్డాను. "సారూ, జర ఆగుండ్రి. గుడ్డు లోపల పిల్ల పెంకు కొడుతున్నది."

ఆయన తల్లి, గుంటూరు వైపు పెద్దావిడ, నన్ను తోసుకుని వంగింది. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. మేళంవాళ్ళు కూడా ఆపేశారు. "టిక్కుమంటోందిరా అబ్బాయ్," అంది. "పురుడు జరిగే చోట అరుస్తావేంటి? ఆవును ఇటు తిప్పుకురా. పంతులుగారూ, టైం ఉందిగా?"

"ఉందమ్మా. ఆ కోడి మళ్ళీ రాకుండా చూడండి చాలు," అన్నాడు పంతులు, పంచె ఎగ్గట్టుకుని.

పాలు పొంగాయి, సాయంత్రానికి పిల్లలూ వచ్చాయి. నా మంద నిలబడింది అనుకున్నాను. అన్నిటినీ గంపలో తెచ్చాం, అత్త పొయ్యి చుట్టూ తిప్పింది, బూడిద రాసింది. గంప ఎత్తిన రోజే, పొద్దు గూకగానే తల్లి ముందు, పిల్లలు వెనక, వరసగా ఆ ఇంటికే. "మీ కోళ్ళొచ్చాయి, తీసుకుపో అమ్మాయ్," అని పెద్దావిడ కేకేసేది, ఆ కేక వేస్తూనే గుప్పెడు బియ్యం చల్లేది. తిట్టుకుంటూ రోజూ తెచ్చాను. చివరికి మేం కొండ అవతలికి మారేనాడు గంప పట్టుకుని వెళితే, ఎదిగిన పిల్లలు పిట్టగోడ ఎక్కి ఇంటివాళ్ళలా నన్ను చూశాయి. పుట్టిందక్కడే, వేరే ఇల్లు వాటికేం తెలుసు? ఎర్రకోడినొక్కదాన్నే తెచ్చుకున్నాను.

కొత్త చోట దానికి కాలు నిలవలేదు, నాకూ నిలవలేదు. చీకటి పడే వేళకు అదో వైపు, నేనో వైపు తిరిగేవాళ్ళం. అక్కడా గోడలు లేచాయి, రంగు పడింది, షెడ్డు విప్పాం. ఎక్కడ ఎన్నేళ్ళున్నావని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పలేను. ఇల్లు లేచేదాకే మా ఏళ్ళు. లేచాక అందులో ఇంకొకళ్ళ ఏళ్ళు మొదలయ్యేవి.