నిప్పు పెట్టని గది

మా పక్కింటి లస్మవ్వ ఒక మాట ఇచ్చిందంటే నస్పూర్‌లో ఎవరూ రెండోసారి అడగరు. భర్త మొండయ్య పోయాక బీడీలు చుట్టి కూతురు జమునను పెంచింది. ఖానాపూర్ సంబంధం చూసి పెళ్లి చేసింది. ఆ తర్వాత రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది.

నిరుడు ఎండాకాలం చివర్లో దీపిక అనే అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో ఇళ్ల కట్టడం మీద పరిశోధన చేస్తోంది. ఇటుకలను బట్టీలో కాలిస్తే పొగ, బొగ్గు ఖర్చు. అవేవీ లేకుండా మట్టిలో థర్మల్ కరెంటు కేంద్రం బూడిద కలిపి, యంత్రంతో ఒత్తి, ఎండబెట్టిన ఇటుకలతో ఒక గది కట్టాలి. అందులో ఏడాది పొడుగునా వేడి ఎంతుంటుందో కొలవాలి. లస్మవ్వ పెరట్లో జాగా ఇచ్చింది. గది పూర్తయ్యాక దీపిక గోడకు వేడి కొలిచే అరచెయ్యంత పెట్టె బిగించి, ఒక్క షరతు పెట్టింది.

“పెద్దమ్మా, ఏడాది దాక లోపల నిప్పు పెట్టద్దు. పొయ్యి, కుంపటి ఏదీ వద్దు. నా లెక్కంత ఆగమైతది.”

“దీపం?”

“పెట్టుకో.”

“అగర్‌బత్తి?”

“సరే, అదీ పెట్టుకో. గంతే.”

వానాకాలమంతా లస్మవ్వ వంట రేకుల ఇంట్లోనే సాగింది. చలికాలంలో కుంపటి వాకిట్లో పెట్టుకొని, చేతులు కాచుకొని, అప్పుడు గదిలోకి పోయి పడుకునేది. ఊరి పక్క బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగే మధ్యాహ్నాల్లో గోడకు చెయ్యి ఆనించి నిలబడేది, బెదిరిన దూడను నిమిరినట్టు.

ఏప్రిల్‌లో జమునకు మంచిర్యాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నేను సెలవులకు ఇంటికి వచ్చేసరికి తల్లీబిడ్డలు రేకుల కింద ఉన్నారు. మా వైపు బాలింతకు, పసిబిడ్డకు నీళ్లు పోసినప్పుడల్లా పిడకల నిప్పు మీద ఊదు, అంటే సాంబ్రాణి, వేసి పొగ పడతారు. పొగ పట్టిన చోటి నుంచి తడి తలతో పిల్లను బయటి గాలిలోకి తేకూడదని లస్మవ్వ పట్టు. అందుకని నిప్పు ఎక్కడుంటే వాళ్లూ అక్కడే. పిల్ల ఒంటినిండా చెమటకాయలు. నాలుగడుగుల అవతల చల్లటి గది తలుపు వేసి ఉంది.

“మా అవ్వకు నాకన్న గా గోడ డబ్బే ముద్దు,” అంది జమున నాతో, చేటతో విసురుతూ. “పొగ బంద్ చెయ్యమంటె చెయ్యది. లోపల పెట్టమంటె పెట్టది.”

“పొగ లేకుంటె పిల్లకు పడిశం పడ్తది. లోపల పెడితె ఆ దీపిక సదువు పోతది. నేనేం చెయ్యాలె చెప్పు,” అంది లస్మవ్వ. పిల్ల ఏడుస్తుంటే మొహం అటు తిప్పుకుంది.

వారం తర్వాత దీపిక వచ్చింది. గదిలో ఎవరూ లేకపోతే పిలుచుకుంటూ వచ్చి, రేకుల ఇంట్లోకి తొంగి చూసి ఆగిపోయింది.

“గీ ఎండల పసిపిల్లను గీడ పండవెట్టినవేంది పెద్దమ్మా?”

“నిప్పు పెట్టద్దంటివి గదా బిడ్డా.”

ఏడాది నిండడానికి కొన్ని వారాలే మిగిలాయని, పొగ పెట్టిన పూటలు తీసేస్తే వరుస తెగిపోతుందని, దసరాకల్లా థీసిస్ ఇవ్వాలని మాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం చెప్పులు విడిచి లోపలికి వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకోవడం సరిగా రాక తడబడితే జమున ఆమె చెయ్యిని పిల్ల మెడ కిందికి జరిపింది. ముగ్గురూ కొత్త గదిలోకి వెళ్లారు.

సాయంత్రం నీళ్లు పోశాక లస్మవ్వ కుంపటి పట్టుకొని వచ్చి గడప ముందర నిలబడింది.

“తీస్కరా పెద్దమ్మా,” అంది దీపిక.

“మరి నీ సదువు?”

“ఇంకో ఎండకాలం దాక కొలుస్త. మా సారును బతిమాలుకుంట.”

“తిట్టడా?”

“తిడ్తడు.”

లస్మవ్వ లోపలికి అడుగు పెట్టింది. ఊదు పొగ గోడల వెంట మెల్లగా పైకి పాకింది. పిల్ల రెండుసార్లు తుమ్మి, నిద్రపోయింది. జమున గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది.

లస్మవ్వ పిల్ల పక్కన కూర్చొని, గోడ మీద పెట్టె ఎంత ఎత్తులో ఉందో చూసింది.

“బిడ్డా, గా డబ్బను జర పైకి బిగియ్యి,” అంది. “వచ్చే ఎండకాలానికి ఈ పిల్ల లేచి నిలవడి గుంజుతది.”