ఉద్యోగాలిచ్చే సోని

కారేపల్లి తండా సోని కనుసైగ చేస్తే అడవిలో పులికైనా నైట్ డ్యూటీ పడాల్సిందే! నమ్మినవాళ్లకు నమ్మినంత. బొగ్గు లారీల కాంట్రాక్టర్ దగ్గర హెచ్ఆర్ మరి. ఆమె ఫోన్ చేస్తే మీసాలు మెలేసే డ్రైవర్లు కూడా లేచి నిలబడి ఎత్తుతారు.

ఇవాళ మాత్రం సోనికే దిగులు పట్టుకుంది. కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు డ్రైవర్లను ఉంచుకొని, ఆఫీసుకు సొంత మనుషులను తెచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. పొద్దుటి నుంచి సోని డ్రైవర్లందరికీ ఫోన్ చేసి కొత్త పనికి పిలుస్తూనే ఉంది. తనను ఎవరూ పిలవలేదు. ఫోన్ మోగినప్పుడల్లా తన కోసమేనేమోనని గబుక్కున ఎత్తుతోంది.

లారీ తోలే అన్న బలరాం నవ్వాడు. "ఏంది చెల్లే, గట్ల బిక్కమొహమేసినవ్? ఉద్యోగాలిచ్చేదే నువ్వాయె, నీకేం భయం?"

"ఇచ్చేది నేను కాదన్నా. కొత్తోళ్లు చెప్పినోళ్లకు ఫోన్ చేస్త, గంతే. నా పేరు ఇంకా చెప్పలే."