చెంబు చప్పుడు లేని మధ్యాహ్నం

మొన్న తాండూరులో పగటిపూట బాగోతం ఉందంటే వెళ్లాను. తెర వెనక కొబ్బరినూనెలో అర్దలం కలుపుతున్న వాసన తగలగానే మా బషీరాబాద్ ఇల్లు కళ్ల ముందు నిలబడింది. ముఖానికి పూసే ఆ పచ్చటి పొడి గుర్తుందా దోస్తులూ?

దాన్ని పూసుకొని మా నాయన రాణి వేషం కట్టేవాడు. చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకొని రాణి ఏడ్చే పాటకు ఊరంతా కళ్లు తుడుచుకునేది. ఇత్తడి చెంబు మీద వేళ్లతో తాళం వేస్తూ రోజూ మధ్యాహ్నం ఇంట్లో అదే పాట సాధన చేసేవాడు. ఒళ్లో శవంలా పడుకునేది మా తమ్ముడు రాములు. నవ్వొస్తే పెదవి కొరుక్కునేవాడు.

ఓ మధ్యాహ్నం, మూడు రోజుల జ్వరం తర్వాత, తమ్ముడు ఆ ఒళ్లోనే పోయాడు. నాయన గొంతెత్తి ఏడ్చాడు. ఎవరూ రాలేదు. గోడ అవతల నుంచి పక్కింటి మల్లమ్మత్త మెచ్చుకుంది.

"ఇయ్యాల మస్తు కుదిరింది అన్నా! ఆట నాడు గూడ గిట్లనే పాడు."

నేనూ అంతే. తమ్ముడు ఎప్పుడు పెదవి కొరుక్కుంటాడా అని చూస్తూ కూర్చున్నాను.

చేను నుంచి వచ్చిన అమ్మ మాత్రం వాకిట్లోనే ఆగిపోయింది.

"చెంబు సప్పుడేది బిడ్డా?" అని నన్ను అడిగింది.

మొన్న తాండూరులో రాణి ఏడుపు అందుకోగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి తెర వెనక్కి వెళ్లాను. రాణి ఒళ్లో శవంలా పడుకున్న పిల్లవాడు లేచి వచ్చి మంచినీళ్లు తాగేదాకా అక్కడే నిలబడ్డాను.