శాలువా కప్పి తీసేసిన్రు

ఇయ్యాల వరంగల్ల మా బట్టల వ్యాపారుల సంఘం సర్వసభ్య సమావేశం. పోయిన మీటింగుల "ఎన్నికలు ఎప్పుడు పెడతరు" అని అడిగిన కార్యవర్గ సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మా అధ్యక్షుడు మైకుల నా పేరు పిలిస్తే జర ఆశ్చర్యపోయిన.

స్టేజి ఎక్కంగనే దండ వేసి శాలువా కప్పిండు. "ఇన్నేండ్లు కార్యవర్గంల సేవ జేసిన అన్నకు గట్టిగ చప్పట్లు!" అన్నడు. హాలంత చప్పట్లు. ఫొటోల నేను మంచిగనే నవ్విన.

నేను కిందికొచ్చి కూసున్నంక, కార్యవర్గంల ఖాళీ అయిన జాగల కొత్త సభ్యుడని తన బామ్మర్ది పేరు చదివిండు. మళ్ల చప్పట్లు. ఆ ఖాళీ అయిన జాగ నాదేనని తర్వాత సమజైంది.

చాయ్ కాడ అధ్యక్షుణ్ణి అడిగిన. "తమ్మీ, నేను రాజీనామా ఇయ్యలే. సభ్యుణ్ణి తీసేసే హక్కు సర్వసభ్య సమావేశానికే ఉంటది గదా?"

"ఔ అన్నా, తీసేసేటందుకు నేనెవణ్ణి? సమావేశమే తీసేసింది. అందరు చప్పట్లు కొట్టలేదా? అదే తీర్మానం. సమోస తిను, సల్లారుతది."

కోపం సుత రాలే. సమోస తిన్న.

ఇంటికొచ్చినా శాలువా ఇంక భుజం మీదనే ఉంది, తియ్యబుద్ధి అయితలేదు. మీ సంఘాలల్ల మనిషిని తీసేసేటప్పుడు కనీసం ఆ మనిషికన్న చెప్తరా? జర చెప్పున్రి.

ఇంకోటి. బామ్మర్ది పేరు చదివినప్పుడు అందరితోటి నేను సుత చప్పట్లు కొట్టిన. అంటే తీర్మానం ఏకగ్రీవమే.