బోడితలకు తెలిసిన సీకాయ సురుకు

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, నాకు విషజ్వరం వచ్చి తగ్గింది. బిడ్డ బతికితే తలనీలాలు ఇస్తామని మా అమ్మ కొండకు మొక్కుకుంది. కాస్త కోలుకోగానే నాయన నన్ను భుజాన కూర్చోబెట్టుకుని మెట్లెక్కాడు. నడుము దాకా ఉన్న నా జడ అక్కడే పోయింది. గుండుకు చల్లగా గంధం పూసుకుని, లడ్డు తింటూ కొండ దిగినంతసేపూ నాకు బాధే లేదు.

తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు. మా వీధిలో పొద్దున లేస్తే గుండ్లే కనిపిస్తాయి. అయినా బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను చూసి కిసుక్కున నవ్వింది. అంతే, తలకు తువ్వాలు చుట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. అన్నం తిన్నా, పడుకున్నా అది తీయలేదు. అమ్మ బతిమాలింది, నాయన గదమాయించాడు. జుట్టు పెరిగేదాకా బడికి పోనని మొండికేశాను.

మా అవ్వ మాత్రం రోటి ముందు కూర్చుంది. ఆవిడకు తలకు పోసుకునే పొడి కొట్టే పని ఉంది. శుక్రవారం వస్తే మా వీధి ఆడవాళ్లందరికీ ఆవిడ పొడే కావాలి. ఆ రోజు సీకాయ దంచి, గుడ్డలో జల్లించి, చారెడు తీసి గంజిలో కలిపి నన్ను కేకేసింది.

"ఒసే, ఈడికి రా. దీని సురుకు జుట్టుండేవాళ్లకు తెలీదు. నీ తలకే తెలస్తాది. రోంత పూస్తా, ఎట్లుండాదో సెప్పు."

తువ్వాలు తీయక తప్పలేదు. పూసీ పూయగానే చుర్రుమంది. కెవ్వుమన్నాను. అవ్వ సంబరపడిపోయింది. సీకాయ జిడ్డునూ మట్టినీ వదలగొడుతుంది గానీ, అదొక్కటే పూస్తే తలను ఎండగడుతుందని చెప్పి పెసరపిండి కలిపింది. ఈసారి మంట తగ్గింది, గరగర మిగిలింది. అప్పుడు మెంతిపిండి, ఎండిన మందారాకు పొడి వేసింది. వాటి జిగురుతో వెంట్రుక మెత్తబడి చిక్కు విడుతుందట. ఉసిరిక కూడా పడింది. దానివల్ల జుట్టు నల్లబడుతుందని ఆవిడ నమ్మకం, నిజమో కాదో ఆవిడకే తెలియాలి. మళ్లీ పూస్తే తలమీద వెన్న రాసినట్టుంది. ఇంకా మెంతులు కావాలా అని అవ్వ నన్నే అడిగింది. ఇంకో పిడికెడు వేయమన్నాను. అడిగినంతా వేసింది.

అంతలో పక్కింటి అక్క గిన్నె పట్టుకుని వచ్చింది. వీధి మొత్తానికీ పొడుగు జడ ఆమెదే. అవ్వ ఆమెకు నన్ను చూపించింది.

"దాన్నడుగు. అది సరే అంటేనే ఇచ్చేది."

అంత జడ ఉన్న అక్క నా ముందు గొంతుక్కూర్చుంది. "ఏమే, ఈ తూరి మండదు కదా?"

మండదని గట్టిగా చెప్పాను. నాకెంత గర్వంగా ఉండిందో! మిగతా ఇళ్లకు పొడి నేనే మోసుకుపోయాను. ప్రతి గుమ్మంలోనూ తల వంచి, ఇదిగో ఇక్కడే పూసి చూశామని చెప్పాను. బడిలో నవ్విన పిల్ల ఇంట్లో కూడా చెప్పాను. ఆ పిల్ల నా గుండు ముట్టుకుని చూస్తానంది. సరేనన్నాను. తువ్వాలు రోటి దగ్గరే ఉండిపోయింది. మర్నాడు బడికి పోయాను.

పెళ్లయి వచ్చాక మొదటిసారి నేనే పొడి కొట్టి, పెసలు వేయడం మరిచినప్పుడు, మా అత్త అందులో చిటికెడు తడిపి నా ముంజేతి లోపల రుద్దింది. అచ్చం అలాగే చుర్రుమంది. అవ్వ కూడా ఎప్పుడూ తన చేతిమీద అలాగే రుద్దుకునేదని అప్పుడు గుర్తొచ్చింది. నా గుండుకు పూసిన ఆ ఒక్కరోజే రుద్దుకోలేదు. పెసలు వేయడం మరిచిపోయే మనిషి కూడా కాదు. రోటి ముందు కూర్చుని నవ్వుకుంటూనే ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంటినిండా షాంపూ సీసాలే. నేను మాత్రం ఇంకా పొడి కొట్టుకుంటాను, నా ముంజేతి మీదే చూసుకుంటాను. ఇంట్లో ఏ పిల్లయినా మొహం దాచుకుని మూల కూర్చుందా, ఆ రోజుకు చెయ్యి కొంగుచాటున పెట్టేసుకుని పిలుస్తాను.

"ఇట్రావే, ఇది నీకే తెలస్తాది."